పాత డంపింగ్ యార్డు లీచేట్: పొరలు దాటినా సీఓడీ 950 దగ్గరే ఆగిపోతోంది

ఊటగుంట
అందరికీ నమస్కారం. లీచేట్ (చెత్తగుట్ట నుంచి ఊరే మురికినీరు) శుద్ధి కేంద్రంలో ప్రాసెస్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. మాది చెత్త వేయడం ఆపి పదిహేనేళ్లు దాటిన యార్డు. రోజుకు 120 ఘనపు మీటర్ల లీచేట్ వస్తుంది. ముడి నీటిలో లీటరుకు సీఓడీ (కాలుష్యాన్ని రసాయనంతో ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్) 3,800 మిల్లీగ్రాములు, బీఓడీ (అందులో బ్యాక్టీరియా తినగల భాగానికి పట్టే ఆక్సిజన్) 260, అమ్మోనియా నత్రజని 1,900, క్లోరైడు 2,600, క్షారత (ఆమ్లాన్ని తట్టుకునే శక్తి) 7,800. మొదట ఆక్సిజన్ లేని ట్యాంకు, తర్వాత గాలి ఊదే ట్యాంకు, ఆపైన ట్యాంకు బయట అమర్చిన గొట్టపు అల్ట్రాఫిల్ట్రేషన్ పొరలు. నైట్రేటు తగ్గించడానికి మెథనాల్, పీహెచ్ పడిపోకుండా కాస్టిక్ సోడా పోస్తున్నాం.

పొరలు దాటిన నీరు కంటికి శుభ్రంగానే ఉంటుంది, ఒక్క మట్టి రేణువు కూడా కనిపించదు. కానీ రంగు మాత్రం చిక్కటి కషాయం. సీఓడీ 950 దగ్గర ఆగిపోయింది. మాకు పెట్టిన హద్దు 250. ఇంకా సన్నని రంధ్రాలున్న అల్ట్రాఫిల్ట్రేషన్ పొరలు వేస్తే సరిపోతుందని పైవారు అంటున్నారు. కొనేముందు అనుభవం ఉన్నవారి మాట వినాలని ఇక్కడ రాస్తున్నాను.

సన్నపొర
దయచేసి ఆ కొనుగోలు ఆపించండి. మీ పొరల రంధ్రం సుమారు 0.03 మైక్రాన్లు, అంటే 30 నానోమీటర్లు. మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్న ఫల్విక్ ఆమ్లాల (చెత్త కుళ్లాక మిగిలే, నీటికి రంగునిచ్చే మొండి పదార్థాలు) అణువులు అందులోంచి హాయిగా దాటిపోతాయి. ప్లాస్టిక్ తయారీలో వాడే బిస్ఫినాల్-ఏ లాంటి అణువు సుమారు ఒక నానోమీటరే ఉంటుంది. రంధ్రం సగానికి తగ్గించినా దానికి అది సింహద్వారమే.

మీది లాంటి ఎంబీఆర్‌లో (బ్యాక్టీరియా ట్యాంకు, పొరలు కలిసిన వ్యవస్థ) పొర చేసే పని కాలుష్యాన్ని వడకట్టడం అని చాలామంది అనుకుంటారు. అది పట్టి ఉంచేది సూక్ష్మజీవుల బురదను. బురద బయటికి పోదు కాబట్టి దాన్ని ముప్పై, నలభై రోజులు ట్యాంకులో నిలపవచ్చు, లీటరుకు 10 నుంచి 15 గ్రాముల దాకా పెంచవచ్చు. నెమ్మదిగా పెరిగే బ్యాక్టీరియాకు ఆ వ్యవధి దొరుకుతుంది. కష్టంగా విరిగే పదార్థాలు కొన్ని విరిగేది ఆ బ్యాక్టీరియా వల్లే. పొర కావలివాడు మాత్రమే, పని చేసేది బురద.

నత్రజని
సన్నపొర గారి మాటతో ఏకీభవిస్తున్నాను. ఊటగుంట గారూ, మీ ముడి లీచేట్‌లో బీఓడీని సీఓడీతో భాగిస్తే 0.07 వస్తుంది. కొత్త యార్డు నీటిలో ఇది 0.5 దాటుతుంది, ఎందుకంటే అందులో ఎక్కువ భాగం ఎసిటిక్, బ్యూటిరిక్ లాంటి తేలికపాటి ఆమ్లాలు, బ్యాక్టీరియా ఇష్టంగా తినేవి. గుట్ట లోపల మీథేను దశ మొదలయ్యాక ఆ ఆమ్లాలు గుట్టలోనే ఖర్చయిపోతాయి. బయటికి వచ్చేది హ్యూమిక్, ఫల్విక్ పదార్థాలు, వాటితోపాటు దశాబ్దాల తరబడి తగ్గని అమ్మోనియా. 0.1 కంటే తక్కువ నిష్పత్తి ఉన్న నీటిని జీవప్రక్రియతో 250కి దించగలమని ఎవరైనా మాట ఇస్తే నేను నమ్మను.

అయితే 3,800 నుంచి 950కి వచ్చిన నీటిలో ఇంకా ఏదో తేడాగా ఉంది. పొరలు దాటిన నీటిలో నైట్రైటు ఎంత? ట్యాంకులో పీహెచ్ ఎంత? భాస్వరం ఎంత? ఈ మూడూ చెప్పండి.

గాజుకుప్పె
నేను ప్రయోగశాల మనిషిని. ముందు 950 అన్న అంకె నిజమా కాదా తేల్చుకోండి. డైక్రోమేటు పద్ధతిలో క్లోరైడు కూడా ఆక్సీకరణం చెంది సీఓడీలా కనిపిస్తుంది. ఒక్కో మిల్లీగ్రాము క్లోరైడుకు 0.226 మిల్లీగ్రాముల చొప్పున, మీ 2,600కు లెక్కేస్తే దాదాపు 590 దాకా దొంగ సీఓడీ రావచ్చు. మెర్క్యురిక్ సల్ఫేటు తగినంత వేస్తే అది అణగుతుంది. క్లోరైడు బరువుకు పది రెట్లు వేయాలన్నది మేం పాటించే కొలత.

రెండోది నైట్రైటు. ఒక మిల్లీగ్రాము నైట్రైటు నత్రజని 1.14 మిల్లీగ్రాముల సీఓడీని చూపిస్తుంది. దాన్ని అణచడానికి సల్ఫామిక్ ఆమ్లం ఉంది. నైట్రైటు ఉన్న నమూనాకు అది వేయకుండా పరీక్ష చేస్తే, లేని కాలుష్యాన్ని వెతుక్కుంటూ లక్షలు పోయాల్సి వస్తుంది.

ఊటగుంట
అందరికీ కృతజ్ఞతలు. నిన్న నేనే దగ్గరుండి పరీక్షలు చేయించాను. మెర్క్యురిక్ సల్ఫేటు సరిగానే వేస్తున్నారు, క్లోరైడు సమస్య లేదు. నైట్రైటు ఇన్నాళ్లూ మేం కొలవడమే లేదు. కొలిస్తే నత్రజనిగా 230 వచ్చింది. నైట్రేటు 600. గాలి ట్యాంకు పీహెచ్ 8.1, ఉష్ణోగ్రత 36 డిగ్రీలు, మిగిలిన అమ్మోనియా 35. కరిగిన భాస్వరం 0.1 కంటే తక్కువ. ముడి లీచేట్‌లోనే అది 5 మాత్రమే ఉంది.

సల్ఫామిక్ ఆమ్లం వేసి మళ్లీ చేస్తే సీఓడీ 690. ఒక పొట్లం పొడి వేయగానే 260 మిల్లీగ్రాములు మాయమయ్యాయి. నాకు సిగ్గుగానూ ఉంది, ఊరటగానూ ఉంది.

గాజుకుప్పె
సిగ్గుపడనక్కర్లేదు. 230ని 1.14తో గుణిస్తే 262. మీ రెండు కొలతల తేడా 260. లెక్క ఇంత చక్కగా కలిసిందంటే మీ ప్రయోగశాలలో చేతులు శ్రద్ధగా పనిచేస్తున్నాయని అర్థం.

నత్రజని
అనుకున్నదే అయింది. ఇక్కడ రెండు జబ్బులు ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి, విడిగా చూద్దాం.

మొదటిది పీహెచ్. ఒక గ్రాము అమ్మోనియా నత్రజనిని నైట్రేటుగా మార్చడానికి 4.57 గ్రాముల ఆక్సిజన్, 7.14 గ్రాముల క్షారత ఖర్చవుతాయి. మీ 1,900కు కావలసిన క్షారత 13,500 పైమాటే, ఉన్నది 7,800. అందుకే సోడా పోస్తున్నారు, అంతవరకు సరే. కానీ 8.1 దాకా ఎందుకు? ఆ పీహెచ్‌లో, 36 డిగ్రీల దగ్గర, అమ్మోనియాలో దాదాపు ఎనిమిదో వంతు అయాను రూపం వదిలి స్వేచ్ఛా అమ్మోనియాగా ఉంటుంది. మీ 35లో అది నాలుగున్నర దాకా వస్తుంది. నైట్రైటును నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియాకు 0.1 నుంచి 1 మిల్లీగ్రాము స్వేచ్ఛా అమ్మోనియా ఉన్నా ఊపిరాడదని 1976లోనే ఆంథోనిసెన్ బృందం తేల్చింది. అమ్మోనియాను నైట్రైటు చేసే మొదటి జట్టు ఇంతకంటే మొండిది, 10 దాకా తట్టుకుంటుంది. కాబట్టి మొదటి జట్టు పని చేస్తోంది, రెండో జట్టు కూలబడింది, మధ్యలో నైట్రైటు పోగవుతోంది. సోడా సెట్ పాయింటును 7.3కు దించండి. స్వేచ్ఛా అమ్మోనియా ఒకటిలోపు పడిపోతుంది.

రెండోది భాస్వరం, నా దృష్టిలో అసలు దోషి ఇదే. నైట్రేటును వాయువుగా మార్చే బ్యాక్టీరియాకు నత్రజని గ్రాముకు మూడు గ్రాముల చొప్పున మెథనాల్ వేసుకున్నా మీకు రోజుకు 680 కిలోలు కావాలి. అంత ఆహారం తినే బురదకు తన ఒళ్లు కట్టుకోవడానికి భాస్వరం ఉండాలి. నా అంచనాలో లీటరుకు 20 నుంచి 30 మిల్లీగ్రాములు. మీరు ఇస్తున్నది 5. విస్తరి నిండా అన్నం పెట్టి నీళ్లు ఇవ్వనట్టుంది. మిగిలిన మెథనాల్ గాలి ట్యాంకులోకి వెళ్లి ఊరికే కాలిపోతోంది, దాని వేడి ట్యాంకుకు చేరుతోంది. ఫాస్ఫారిక్ ఆమ్లం కొద్దికొద్దిగా పోయడం మొదలుపెట్టండి. పొరలు దాటిన నీటిలో 0.5 నుంచి 1 దాకా భాస్వరం కనిపించేలా చూస్తే చాలు.

రాత్రిషిఫ్టు
ఇంజనీర్లు మాట్లాడుతుంటే మధ్యలో వస్తున్నాను, మన్నించండి. పదకొండేళ్లుగా ఇలాంటి ప్లాంటులో ఆపరేటర్‌ని. ఫాస్ఫారిక్ ఆమ్లం సంగతి ఒకటి చెప్పాలి. మేం ఒకసారి తొందరపడి ఎక్కువ పోశాం. లీచేట్‌లో కాల్షియం ఉంటుంది కదా, రెండు వారాల్లో పొరల గొట్టాల లోపల తెల్లటి పొర గట్టింది. వేలితో గీరితే గోరు కింద సుద్దపొడిలా రాలింది. నిమ్మ ఆమ్లం ద్రావణంతో పదేపదే కడిగితే గాని పొరల మీద ఒత్తిడి దిగలేదు. అందుకే చిన్న పంపు, చిన్న మోతాదు, రోజూ కొలత. పోసేది కూడా ఆక్సిజన్ లేని ట్యాంకులో, బాగా కలిసే చోట.

ఇంకొకటి, నురుగు. బురద ఆకలితో ఉన్నప్పుడు దాని మీద తేలే నురుగు జిగటగా, గోధుమరంగులో, చేత్తో తీస్తే తీగలు సాగుతుంది. మామూలు నురుగు తెల్లగా తేలిగ్గా ఉండి నీళ్లు చల్లితే కూలిపోతుంది. మీ ట్యాంకు మీద ఏది ఉందో చూసి రాయండి. సిలికాన్ కలిసిన నురుగుమందు మాత్రం పొయ్యకండి, అది పొరలను పట్టుకుంటే వదలదు.

ఊటగుంట
రాత్రిషిఫ్టు గారూ, మీరు చెప్పినట్టే గోధుమరంగు, సాగే నురుగు. ఇన్నాళ్లూ అది లీచేట్ స్వభావం అనుకున్నాం. రేపటి నుంచే రెండు మార్పులూ చేస్తున్నాం. మూడు వారాల తర్వాత ఫలితం రాస్తాను.

కొత్తచూపు
నేను విద్యార్థిని. ఈ చర్చ చూసి ఒక సందేహం. అనామాక్స్ వాడితే మెథనాల్ ఖర్చే ఉండదు కదా? ఎవరూ ఎందుకు ప్రస్తావించలేదు?

నత్రజని
మంచి ప్రశ్న. అనామాక్స్ బ్యాక్టీరియా అమ్మోనియానూ నైట్రైటునూ కలిపి నేరుగా నైట్రోజన్ వాయువు చేస్తుంది, సేంద్రియ ఆహారం అవసరం లేదు. 1990ల్లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో ఒక శుద్ధి రియాక్టర్‌లో దీన్ని గుర్తించారు. 2002లో రాటర్‌డామ్‌లో పూర్తి స్థాయి రియాక్టర్ నడపడం మొదలుపెట్టారు. పాత లీచేట్‌కు పుట్టినట్టే ఉంటుంది ఈ పద్ధతి. కానీ ఆ జీవి రెట్టింపు కావడానికి వారం నుంచి రెండు వారాలు పట్టవచ్చు, పైగా మెథనాల్ దానికి విషం. మెథనాల్ అలవాటైన ట్యాంకులోకి దాన్ని తెచ్చి వేస్తే చచ్చిపోతుంది. వేరే ట్యాంకు కట్టి, నెలల తరబడి పెంచుకోవాలి. ఊటగుంట గారి ముందున్న మంట ఆరాక ఆలోచించాల్సిన విషయం.

ఊటగుంట
ఇరవై నాలుగు రోజులయింది. చెప్పిన మాట ప్రకారం రాస్తున్నాను.

మొదటి వారం ఏమీ కదల్లేదు. పైనుంచి ఫోన్లు, నా మీద నాకే అనుమానం. తొమ్మిదో రోజు నైట్రైటు 180కి దిగింది. పదిహేనో రోజు 40. ఈ ఉదయం 3. నైట్రేటు 600 నుంచి 90కి వచ్చింది. నైట్రేటు వాయువుగా మారుతుంటే క్షారత తిరిగి వస్తుంది కాబట్టి కాస్టిక్ వాడకం సగం కూడా లేదు. నురుగు ఎత్తు అడుగున్నర నుంచి జానెడుకు తగ్గింది, రంగు తేరుకుంది. ట్యాంకు ఉష్ణోగ్రత కూడా రెండు డిగ్రీలు దిగింది.

సీఓడీ మాత్రం 700 దగ్గర నిలబడి ఉంది. ఇక ఇది నిజమైన మొండి సీఓడీ అని ఒప్పుకోవాలి. ఇప్పుడేం చేయాలి? నానోఫిల్ట్రేషనా (అల్ట్రాఫిల్ట్రేషన్ కంటే ఎంతో సన్నని పొర), రివర్స్ ఆస్మోసిసా (లవణాలను కూడా ఆపే పొర), బొగ్గా?

సన్నపొర
మీ హద్దు సీఓడీ వరకే అయితే నానోఫిల్ట్రేషన్. 200 నుంచి 400 డాల్టన్ల (అణువు బరువు కొలత) కంటే పెద్ద అణువులను అది ఆపుతుంది, హ్యూమిక్ పదార్థాలు దాదాపు అన్నీ ఆగిపోతాయి. క్లోరైడులాంటి ఏకసంయోజక (ఒకే ఆవేశం ఉన్న) లవణాలు చాలావరకు దాటిపోతాయి, కాబట్టి ద్రవాభిసరణ పీడనం (లవణాల వల్ల నీరు పొర దాటకుండా ఎదురయ్యే ఒత్తిడి) అంతగా పెరగదు, పంపు మీద భారం తక్కువ. లవణాలకు కూడా హద్దు ఉంటేనే రివర్స్ ఆస్మోసిస్. నానోఫిల్ట్రేషన్ దాటిన మీ నీటిలో సీఓడీ 70 దగ్గర ఉంటుందని నా అనుభవం చెబుతోంది.

బురదలెక్క
ఇంతదాకా మౌనంగా చదివాను. ఇక ఊరుకోలేను.

సన్నపొర గారూ, 70 అన్నారు సరే, మిగతా 630 ఎక్కడికి పోయింది? లీటరుకు మిల్లీగ్రాములు పక్కన పెట్టి కిలోల్లో చూడండి. రోజుకు 120 ఘనపు మీటర్లు, 700 చొప్పున 84 కిలోల సీఓడీ. ఎనభై శాతం నీరు దాటితే 96 ఘనపు మీటర్లు, అందులో ఏడు కిలోలు. మిగిలిన 77 కిలోలు పొర దాటకుండా మిగిలిన 24 ఘనపు మీటర్ల సాంద్ర ద్రవంలో ఉన్నాయి, లీటరుకు 3,200 మిల్లీగ్రాములు. ముడి లీచేట్ అంతటి సీఓడీయే, కానీ ముడి లీచేట్‌లో బ్యాక్టీరియాకు తినడానికి కాస్తయినా ఉంది, ఇందులో అదీ లేదు. పొర దేన్నీ నాశనం చేయదు. ఒక గది ఊడ్చి చెత్తను పక్కగదిలోకి నెట్టినట్టు. ఆ పక్కగది సంగతి తేల్చకుండా పొరల ధర మాట్లాడటం తప్పు.

సన్నపొర
కాదనను. చాలాచోట్ల సాంద్ర ద్రవాన్ని గుట్ట మీదికే తిరిగి పంపుతారు. తేమ పెరిగి చెత్త త్వరగా కుళ్లుతుందన్న వాదన కూడా ఉంది.

రాత్రిషిఫ్టు
ఆ పని నా చేతులతో చేశాను. అక్కడ రివర్స్ ఆస్మోసిస్ ఉండేది. మొదటి ఏడాది బ్రహ్మాండంగా నడిచింది. రెండో ఏడాది వేసవిలో లీచేట్ విద్యుద్వాహకత (నీటిలో లవణం ఎంతుందో చెప్పే కొలత) మెల్లగా ఎక్కడం మొదలైంది. 14 మిల్లీసీమెన్స్ ఉండేది, మూడేళ్లు తిరిగేసరికి 23. లవణాలకు గుట్టలో పోయే దారి లేదు. మనం పంపినవి మళ్లీ మన దగ్గరికే వచ్చేవి, ప్రతిసారీ ఇంకాస్త చిక్కబడి. ప్రతి షిఫ్టులో పంపు పీడనం పుస్తకంలో రాసేవాణ్ణి. పాత పేజీలు తిరగేస్తే అంకెలు మెట్లెక్కినట్టు కనిపించేవి. అదే ఒత్తిడికి వచ్చే నీరు తగ్గింది, పొరలు కడగడం వారానికోసారి నుంచి రెండు రోజులకోసారి అయింది. చివరికి సాంద్ర ద్రవాన్ని ట్యాంకర్లలో బయటికి పంపాల్సి వచ్చింది. ఆ గుట్ట ఇంకా ఆ ఉప్పును కక్కుతూనే ఉంది.

నానోఫిల్ట్రేషన్‌లో లవణాలు దాటిపోతాయి కాబట్టి ఇంత దారుణం ఉండకపోవచ్చు. కానీ హ్యూమిక్ పదార్థాలు, రెండు ఆవేశాల సల్ఫేటు, కాల్షియం మాత్రం అలాగే తిరుగుతాయి.

ఊటగుంట
మరి బొగ్గు? నానోఫిల్ట్రేషన్ లేకుండా నేరుగా ఉత్తేజిత బొగ్గు పడకలు పెడితే సాంద్ర ద్రవమే ఉండదు కదా.

బురదలెక్క
అదే తూకంతో చూడండి. 700ను 250కి దించాలంటే రోజుకు 54 కిలోల సీఓడీ బొగ్గు మీదికి ఎక్కాలి. నేను పాత లీచేట్‌తో చేసిన స్తంభ పరీక్షల్లో కిలో బొగ్గు 0.2 కిలోల సీఓడీ దగ్గరే నిండిపోయింది. హ్యూమిక్ అణువులు పెద్దవి, బొగ్గులోని సన్నని రంధ్రాల్లోకి దూరలేవు. అంటే మీకు రోజుకు 270 కిలోల బొగ్గు. నేనైతే నానోఫిల్ట్రేషన్ వైపే మొగ్గుతాను, సాంద్ర ద్రవం శుద్ధికి కూడా అదే రోజున డబ్బు కేటాయిస్తేనే.

ఆ 24 ఘనపు మీటర్లకు ఫెంటన్ ఒక దారి. హైడ్రోజన్ పెరాక్సైడు, ఫెర్రస్ ఇనుము కలిపి పీహెచ్ 3 దగ్గర నడుపుతారు. 1894లో ఫెంటన్ టార్టారిక్ ఆమ్లంతో చూపించిన చర్యే ఇది. హ్యూమిక్ పదార్థాలను నిజంగా విరగ్గొడుతుంది. ఇనుము బురద బాగా వస్తుంది, దాన్ని పిండి పారేయాలి. రెండో దారి ఓజోను. అది అన్నింటినీ చివరిదాకా కాల్చదు, పెద్ద అణువులను ముక్కలు చేస్తుంది, ఆ ముక్కలను బ్యాక్టీరియా తినగలదు. కాబట్టి ఓజోను తర్వాత మళ్లీ జీవప్రక్రియ ఉండాలి. ముడి నీటిలో బ్రోమైడు ఎంతో ముందే చూసుకోండి, ఓజోనుతో అది బ్రోమేటు అవుతుంది.

గాజుకుప్పె
ఫెంటన్ తర్వాత సీఓడీ కొలిచేవారికి ఒక్క మాట. మిగిలిపోయిన పెరాక్సైడు కూడా సీఓడీగా కనిపిస్తుంది. దాన్ని పూర్తిగా పోగొట్టాకే పరీక్ష చేయండి.

అసలు నేను చెప్పదలచుకున్నది వేరు. ఈ చర్చంతా సీఓడీ చుట్టూ తిరిగింది. సీఓడీ ఒక మూట. మూటలో ఏముందో అది చెప్పదు. బిస్ఫినాల్-ఏ చాలావరకు మీ బురదలోనే విరుగుతుంది. ప్లాస్టిక్‌ను మెత్తబరచే డీఈహెచ్‌పీ నీటిలో మాయమైనట్టు కనిపిస్తుంది గాని, అందులో మంచి భాగం బురదకు అంటుకుని ఉంటుంది. మూర్ఛకు వాడే కార్బమజెపైన్ ఎంబీఆర్‌లో దాదాపు తగ్గదు.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేవి పీఫాస్ సమ్మేళనాలు, అంటే నీరు, నూనె అంటని పూతల్లో వాడే ఫ్లోరిన్ రసాయనాలు. కార్బన్-ఫ్లోరిన్ బంధాన్ని మన బ్యాక్టీరియా తెంచలేదు. గాలి ట్యాంకులో జరిగేది ఇంకా ఇబ్బందికరం. వాటి పూర్వరూపాలు అక్కడ ఆక్సీకరణం చెంది పీఎఫ్ఓఏ (ఇక విరగని ఒక పీఫాస్ ఆమ్లం) లాంటివిగా మారతాయి. అందుకే శుద్ధికి ముందు కంటే తర్వాతి నీటిలో పీఎఫ్ఓఏ ఎక్కువగా కనిపించడం మామూలే. మొదటిసారి ఆ ఫలితం చూసినప్పుడు నమూనా సీసాలు తారుమారయ్యాయనుకుని పరీక్ష మళ్లీ చేశాను. మళ్లీ అదే వచ్చింది. అమెరికా పర్యావరణ సంస్థ 2024లో తాగునీటిలో పీఎఫ్ఓఏకు పెట్టిన హద్దు లీటరుకు 4 నానోగ్రాములు. మనం మిల్లీగ్రాముల్లో మాట్లాడుతున్నాం. నానోగ్రాము అందులో పది లక్షలో వంతు.

రాత్రిషిఫ్టు
పీఫాస్ నురుగులోకి చేరుతుందని విన్నాను. నిజమేనా? మేం ఆ నురుగును గొట్టంతో కొట్టి కింద పడేస్తాం, బూట్లు దాంట్లోనే మునుగుతాయి.

గాజుకుప్పె
నిజం. ఆ అణువులకు నీరూ గాలీ కలిసే చోట నిలబడే గుణం ఉంది. అందుకే నురుగులో వాటి సాంద్రత నీటిలో కంటే ఎంతో ఎక్కువ. ఆ గుణాన్నే వాడుకుని లీచేట్‌లోకి బుడగలు వదిలి, నురుగును పైనుంచి తోడి పీఫాస్‌ను వేరు చేసే పద్ధతి ఉంది. గొలుసు పొడవుగా ఉన్నవి బాగా వస్తాయి, పొట్టివి నీటిలోనే ఉండిపోతాయి. బొగ్గు దగ్గర కూడా అంతే, పొట్టివే ముందుగా జారిపోతాయి.

మీరు మాత్రం చేతి తొడుగులు, ముఖానికి అడ్డు లేకుండా ఆ పని చేయకండి. గొట్టంతో కొడితే తుంపరలు లేస్తాయి. అది మీ బాధ్యత కంటే మీ ప్లాంటు బాధ్యత, కానీ ఊపిరితిత్తులు మీవి.

రాత్రిషిఫ్టు
రేపే అడుగుతాను. కృతజ్ఞతలు.

ఊటగుంట
ఈ రోజు సమావేశం జరిగింది. సన్నని అల్ట్రాఫిల్ట్రేషన్ పొరల ప్రతిపాదన విరమించుకున్నారు. బురదలెక్క గారి కిలోల లెక్కను బోర్డు మీద యథాతథంగా రాశాను. 77 కిలోల దగ్గరికి వచ్చేసరికి గదిలో ఎవరూ మాట్లాడలేదు.

ఎనిమిది వారాల పాటు గంటకు ఒక ఘనపు మీటరు నీటితో నానోఫిల్ట్రేషన్ చిన్న నమూనా యంత్రం నడపడానికి అనుమతి వచ్చింది. సాంద్ర ద్రవాన్ని గుట్ట మీదికి పంపకుండా వేరే ట్యాంకులో నిలవచేసి, దానిపై ఫెంటన్, ఓజోను రెండూ పరీక్షిస్తాం. ముడి నీరు, పొరలు దాటిన నీరు, సాంద్ర ద్రవం, బురద, నురుగు, ఈ ఐదింటి నుంచీ నమూనాలు తీసి పీఫాస్ పరీక్షకు పంపుతున్నాం. గాజుకుప్పె గారూ, సీసాలు ఎలాంటివి వాడాలి?

గాజుకుప్పె
పాలీప్రొపిలీన్ లేదా హెచ్‌డీపీఈ సీసాలు. గాజు వద్దు, పొడవు గొలుసు పీఫాస్ దాని గోడలకు అంటుకుంటాయి. టెఫ్లాన్ పూత ఉన్న మూతలు అసలే వద్దు. నమూనా తీసేవారు నీరు అంటని పూత ఉన్న వానకోట్లు వేసుకోకూడదు. శుభ్రమైన నీటితో ఒక ఖాళీ నమూనాను కూడా అదే పెట్టెలో పంపండి. నురుగు నమూనా తీశాక కూలిపోయేదాకా ఆగి, ఎంత ద్రవం వచ్చిందో రాసి పెట్టుకోండి, లేకపోతే తర్వాత కిలోల లెక్క కుదరదు.